లోపలివైపు గడియ

నేను ఒక ఇత్తడి గడియను. బాత్రూం తలుపుకు లోపలివైపు ఉంటాను. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే బయటివైపు ఉండేవాడు వేరు. వాడు ఇనప గొళ్ళెం. వాణ్ణి ఎవరైనా వేస్తారు, ఎవరైనా తీస్తారు. నన్ను మాత్రం లోపలున్న మనిషే వేసుకోవాలి, లోపలున్న మనిషే తీసుకోవాలి. ఈ తేడా తెలియనివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. అలాంటివాళ్ళే లోకంలో ఎక్కువ కాబట్టి నాకు ఎప్పుడూ ఒళ్ళు మంటగానే ఉంటుంది.

పుట్టింది ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో. చిల్లుపడ్డ చెంబులు, వంకరపోయిన గరిటెలు, పగిలిన గుడిగంట ముక్క ఒకటి కలిపి కరిగించి నన్ను పోశారు. నా కోపం ఆ గంట ముక్కదేనని నా అనుమానం. ఎవడో వచ్చి కొడితే తప్ప నోరు విప్పడానికి లేని బతుకు దానిది. ఎవరికి రాదు కోపం?

మొదట నన్ను తణుకులో ఒక లాడ్జి గది తలుపుకు బిగించారు. ఎరువుల కంపెనీ ఏజెంట్లు, కోర్టు పనిమీద వచ్చిన అన్నదమ్ములు, తిరుపతి నుంచి తిరిగొస్తూ ఒక పూట ఆగిన కొత్త దంపతులు, అందరినీ అక్కడే చూశాను. మనుషుల గురించి నాకు తెలిసిన ఒకే ఒక్క సంగతి అక్కడే నేర్చుకున్నాను. నేను పడిన చప్పుడు వినగానే మనిషి భుజాలు దిగుతాయి. ఎంత పెద్ద మీసాలవాడికైనా దిగుతాయి. అప్పటిదాకా ఆ భుజాలు ఎత్తిపెట్టుకుని ఉన్నాడని అతనికే తెలియదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు లాడ్జి పోయింది. తలుపులు అమ్మేశారు. కాకినాడ జగన్నాథపురంలో ఇల్లు కట్టుకుంటున్న గంగాధరం గారు వచ్చి, నా తలుపును వేలితో తట్టి చూసి, "బాత్రూంకి ఇది చాల్లే" అన్నారు. తలుపు అడుగున జానెడు కోయించి, నాతో సహా బాత్రూంకి పెట్టించారు. గది తలుపుకు కాపలాగా బతికినదాన్ని బాత్రూం పాలు చేసినందుకు మొదటిరోజే ఆయన మీద కోపం పెట్టుకున్నాను. తర్వాత పెట్టుకోవడానికి కారణాలు పెరిగాయే గానీ తగ్గలేదు.

ఆ ఇంట్లో నన్ను మొట్టమొదట వేసింది ఆయన భార్య వర్ధనమ్మ. అప్పుడామె పెళ్ళై వచ్చిన కొత్త. చేతినిండా గాజులు. నన్ను వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. భుజాలు దిగాయి. తర్వాత కొంగు ముడి విప్పి, అందులోంచి మామిడి తాండ్ర పీలిక ఒకటి తీసింది. పుట్టింటివాళ్ళు పంపిన తాండ్ర అత్తగారూ మరుదులూ పంచుకోగా మిగిలిన పీలిక అది. కిటికీ దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, అది కరిగేదాకా చప్పరించింది. బాత్రూంలో తినడమేమిటని ముక్కు మూసుకునేవాళ్ళు మూసుకోండి. వంటింట్లో నోరు కదిపితే "అప్పుడే ఆకలేసిందా తల్లీ" అనే ఇంట్లో ఆ పిల్ల ఇంకెక్కడ తింటుంది? పడకగది తలుపు పగటిపూట వేసుకుంటే నవ్వుతారు. పూజగదికి తలుపే లేదు. లోపల గడియ ఉండి, వేసుకుంటే ఎవరూ తప్పుపట్టని తలుపు ఆ ఇంట్లో ఇదొక్కటే.

తప్పుపట్టరు సరే. ఊరుకుంటారా?

ఆమె ఇలా లోపలికి రావడం, వాళ్ళు అలా తలుపు మీద పడటం. మామగారు దగ్గేవారు. అత్తగారు గాజుల చేత్తో కొట్టేది. గంగాధరం గారిది అరచెయ్యి. కొడుకు శశిధర్ పుట్టి నడక నేర్చాక కాలితో తన్నేవాడు. అత్తామామలు పోయాక రెండు చప్పుళ్ళు తగ్గాయనుకుంటే, అరచెయ్యి ఆ లోటు తీర్చింది.

"వర్ధనం, నా కళ్ళజోడెక్కడే?"

"టీవీ మీదండీ."

"లేదే."

"అయితే మీ నెత్తిమీద చూసుకోండి."

"ఆఁ, ఉంది."

ముఖానికి సబ్బు రాసుకుని, కళ్ళు మండుతుంటే ఆమె ఈ జవాబులు చెప్పేది. పచ్చడి జాడీ ఎక్కడ, బ్యాంకు పాసుపుస్తకం ఎక్కడ, పాలవాడు వచ్చాడు ఎన్ని పొయ్యమనాలి. తాండ్ర నోట్లో ఉన్నప్పుడు అడిగితే గుటుక్కున మింగేసేది. ఆ మింగిన చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఊడొచ్చి ఆయన కాలి బొటనవేలి మీద పడాలనిపించేది. మరలు గట్టివి.

గంగాధరం గారు చెడ్డమనిషి కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే తేలిగ్గా తిట్టుకునేదాన్ని. కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి. ఇంట్లో నడుస్తూ నడుస్తూ స్విచ్చులు ఆర్పేస్తారు, కుళాయిలు బిగిస్తారు, బాత్రూంకి బయట గొళ్ళెం వేసేస్తారు. బాత్రూం తలుపు తెరిచి ఉంటే ఇంట్లో లక్ష్మి నిలవదట. "ఎవరికీ శ్రద్ధ లేదు" అని గొణుగుతూ ఆ గొళ్ళెం వేసే చప్పుడు నాకు రోజుకెన్నిసార్లు వినపడేదో. వాడు బయట ఠంగుమంటాడు. లక్ష్మికి కాపలా తనేనన్నట్టు వాడికొక గర్వం. లోపల వర్ధనమ్మకు కాపలా ఉన్న నన్ను ఒక్కరైనా తలుచుకున్నారా?

బాత్రూం నేల నున్నబడి జారుతోందని వర్ధనమ్మ ముప్ఫై ఏళ్ళు చెప్పింది. ఒకసారి జారి మోచెయ్యి వాచింది కూడా. "చూసి నడవాలి మరి" అన్నారు ఆయన. ఆ బాత్రూం గోడకు అవతలివైపు పూజగది. గోడలో పైపు తుప్పుపట్టి, చెమ్మ మెల్లగా అటు పాకి, వేంకటేశ్వరస్వామి పటం వెనక బూజు పట్టింది. మరక స్వామి భుజం దాకా ఎక్కిన రోజున గంగాధరం గారు భోజనం మానేసి మేస్త్రికి ఫోన్ చేశారు. దేవుడికి చెమ్మ తగిలితే మర్నాటికల్లా మేస్త్రి వచ్చాడు. నాకు కోపం రావడంలో తప్పేమైనా ఉంటే చెప్పండి.

శశిధర్‌కి పెళ్ళై అప్పటికి రెణ్ణెల్లు. కోడలి పేరు మృదుల. ప్రతిదానికీ సంబరపడిపోయే పిల్ల. కొత్త సబ్బు పైకాగితం విప్పి వాసన చూసి చీరల మడతల్లో పెట్టుకునేది. వేడినీళ్ళ ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో మొగుడి పేరు రాసి, తనే సిగ్గుపడి తుడిచేసేది. నన్ను వేసేటప్పుడు కూడా "టక్" అని నాతోపాటు తనూ అనేది. ఇలాంటివి చూస్తే నాకు చిరాకే గానీ, చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

బాత్రూం మొత్తం కొత్తగా కట్టిస్తారనేసరికి ఆ పిల్ల ఆనందానికి అంతులేదు. పలకలు సముద్రం రంగువి కావాలంది. షవరు, గీజరు, గోడలో అద్దాల అర. ఒక సాయంత్రం వర్ధనమ్మను కూడా అడిగింది.

"అత్తయ్యా, మీకేం కావాలో చెప్పండి. మీరేమీ చెప్పట్లేదు."

"నాకేం కావాలమ్మా. లోపల గడియ ఉంటే చాలు."

మృదుల కిలకిలా నవ్వింది. అత్తయ్య జోకు వేసిందనుకుంది. ఆ ఇంట్లో వర్ధనమ్మ తనకోసం నోరు తెరిచి అడిగిన మాట నేను విన్నది అదే మొదలు. దాన్ని జోకు అనుకుంటే నాకు ఎలా ఉంటుంది?

ముత్యాలు మేస్త్రి వచ్చి గోడను సమ్మెటతో ఒకటి వేసి చూశాడు. పెచ్చు ఊడి పడింది.

"ఆయ్, పైపైన పూస్తే లాభం లేదండి. ఇటిక కనపడేదాకా కొట్టాల్సిందే."

"పూజగది గోడ జాగ్రత్తయ్యా" అన్నారు గంగాధరం గారు.

"స్వామిని కాసేపు హాల్లోకి తీసుకెళ్ళండి. ఆయనకి దుమ్ము పడదేమో."

ముందు తలుపు ఊడదీసి పెరటి గోడకు ఆనించారు. నేను దానికే వేలాడుతూ అంతా చూశాను. సిమెంటు పూత, దాని కింద సున్నం, దాని కింద చెమ్మకు నల్లబడ్డ ఇటుక. నేల పగలగొట్టి గచ్చు ఎత్తేశారు. గోడలోంచి లాగిన పైపు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగింది. ఎన్నేళ్ళు ఎంతమంది ఒళ్ళు కడిగిన గది. ఒక్క పూటలో ఎర్రటి గొయ్యి అయింది. పైకప్పు ఉంది, నాలుగు గోడలున్నాయి, సిగ్గు మాత్రం లేదు.

మరి ఇంట్లోవాళ్ళ స్నానాలు? పెరట్లో జామచెట్టుకూ ప్రహరీకీ మధ్య నీలం పట్టా కట్టారు. గంగాధరం గారు, శశిధర్ తువ్వాలు కట్టుకుని హాయిగా బావిగట్టు మీద ఉన్నట్టు పోసుకున్నారు. "ఆహా, గాలికి ఎంత బావుందిరా" అని కూడా అన్నారు. ఆడవాళ్ళకు గాలి వస్తేనే భయం. కాకినాడ గాలి సంగతి తెలిసిందే కదా. పట్టా ఎగిరిపోతుంది. పక్కింటి మేడమీద ఎప్పుడూ ఎవరో ఒకరు బట్టలారేస్తూ ఉంటారు.

వర్ధనమ్మ స్నానం దొంగతనంలా ఉండేది. చీర కట్టుకునే నాలుగు చెంబులు గబగబా కుమ్మరించుకుని, తల తుడుచుకోకుండానే బయటికి. మూడోరోజున గాలికి పట్టా మూల ఊడింది. ఆమె లోపలే కుంచించుకుపోయింది. అరవలేదు. అరవడం ఆమెకు అలవాటు లేదు. పెరట్లోకి బట్టలు తేవడానికొచ్చిన మృదుల అది చూసి, పరుగున వచ్చి మూల పట్టుకుంది. మొహం అటు తిప్పుకుంది.

"నేను పట్టుకుంటాను, నిదానంగా కానీండి అత్తయ్యా."

"వద్దమ్మా, అయిపోయింది."

"ఎక్కడయిందీ, వీపంతా సబ్బే."

"చూశావా?"

"లేదు, ఊహించాను."

వర్ధనమ్మ నవ్వింది. ఆ రోజు నుంచి ఒకరి స్నానానికి ఒకరు పట్టా పట్టారు. మొహం తిప్పుకుని మృదుల కబుర్లు చెప్పేది, కాలేజీలో హాస్టలు బాత్రూం ముందు బకెట్లు వరసపెట్టడం, తన బకెట్‌ను ఎవరో వెనక్కి నెట్టడం. చెప్పీ చెప్పీ ఒకరోజు హఠాత్తుగా ఆగింది.

"అత్తయ్యా, ఆ రోజు మీరు గడియ గురించి అన్నది జోకు కాదు కదా."

నీళ్ళ చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. మృదుల మళ్ళీ అడగలేదు.

గదిలో పని సాగింది. కొత్త పైపులు గోడలోకి పోయాయి. చెమ్మ పట్టకుండా నల్లటి మందు పూశారు. నేల మీద నీళ్ళు నిలబెట్టి పూజగది వైపు ఊరుతాయేమోనని చూశారు. గంగాధరం గారు కుర్చీ వేసుక్కూర్చుని అవతల గోడను అరచేత్తో తడిమి తడిమి చూశారు. అరచేతికి అలవాటైన పనే. ఊరలేదు. స్వామి తిరిగి తన స్థానంలోకి వెళ్ళాడు. సముద్రం రంగు పలకలు ఎక్కాయి. మృదుల ప్రతి పలకనూ వేలితో రాసి చూసింది. నిజం చెప్పాలంటే బాగానే ఉన్నాయి. ఉదయపు ఎండ పడితే గదంతా నీళ్ళలో ఉన్నట్టుంది. అది ఒప్పుకోవాల్సి వచ్చినందుకు కూడా నాకు కోపమే.

కొత్త తలుపు ఫైబరుది. చెక్క తలుపు ఉబ్బుతుందని మేస్త్రే తెమ్మన్నాడట. దానికి గుండ్రటి పిడి, పిడి మధ్యలో నొక్కే బొత్తం, బయటినుంచి తీయడానికి తాళంచెవి. నా పాత తలుపును పనివాళ్ళు నిలబడే పలకగా వాడి, విరగ్గొట్టారు. నన్ను ఊడదీసి, పగిలిన పలకల బకెట్లో పడేశారు. అక్కణ్ణుంచి విన్నాను.

"గొళ్ళెం మాత్రం బయట పెట్టు ముత్యాలూ. లక్ష్మి నిలవాలి" అన్నారు గంగాధరం గారు.

వర్ధనమ్మ వంటింటి గుమ్మంలో ఉంది. "లోపల ఆ పాత గడియ కూడా పెట్టించండి" అంది.

"ఎందుకే? బొత్తం ఉందిగా. లోపల ఎవరైనా పడిపోతే బయటినుంచి తీయొద్దూ? తాళంచెవి హాల్లో మేకుకి తగిలిస్తాను. గడియ వేసుకుని కూర్చుంటే తలుపు పగలగొట్టాలి."

"నేను పడిపోనండి."

"లోపల నీకేం ధనాగారం ఉందే గడియ వేసుకోవడానికి?"

పనివాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆయన మాటలో తర్కం ఉంది, జాగ్రత్త ఉంది, ప్రేమ కూడా ఉందనుకోండి. అన్నీ ఉన్నాయి. ఆమెకు కావలసింది తప్ప. వర్ధనమ్మ లోపలికెళ్ళి పప్పు కడిగింది. పనివాళ్ళు భోజనాలకు వెళ్ళినప్పుడు వచ్చి, పెంకులు ఏరి, నన్ను తీసి కొంగులో చుట్టుకుంది. ముప్ఫై ఏళ్ళనాటి తాండ్ర పీలిక చోటు అది. తర్వాత నన్ను గీజరు పైప్ వెనక దాచింది.

కొత్త బాత్రూంకి పూజ చేశారు. గీజరుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. షవరుకు బొట్టు పెడితే కారిపోతుందని పిడికి పెట్టారు. గుమ్మంలో కొబ్బరికాయ కొట్టారు. మొదటి స్నానం గంగాధరం గారిది, తర్వాత కొత్త దంపతులు. వర్ధనమ్మ వంతు వచ్చేసరికి వేడినీళ్ళు అయిపోయాయి. ఆమె చల్లనీళ్ళే పోసుకుని, పలకల్ని వేలితో రాసి చూసుకుని, తనలో తాను నవ్వుకుంది. ఆ నవ్వు పూర్తయ్యేలోపే తాళంచెవి తిరిగింది. తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది.

"ఏమే, బెల్లం డబ్బా ఎక్కడ?"

ఆమె తువ్వాలు గుండెలకు అదుముకుంది. "అటు నిలబడి అడగొచ్చు కదండీ."

"కొట్టాను, నువ్వు పలకలేదు. అయినా నేనేం పరాయివాణ్ణా?"

గీజరు పైప్ వెనక నేను పళ్ళు కొరుక్కున్నాను, పళ్ళుంటే. ఆ తర్వాత వర్ధనమ్మ ఆ బొత్తం నొక్కడమే మానేసింది. నొక్కి ఏం లాభం? తలుపు చేరవేసి, ఒక చెవి అటు పెట్టి, గబగబా పోసుకుని వచ్చేసేది. పెరట్లో పట్టా వెనక ఎలా ఉండేదో, సముద్రం రంగు పలకల మధ్య కూడా అలాగే. భుజాలు దిగడం నేను చూడలేదు. తాండ్ర ఊసే లేదు.

ఒక ఆదివారం ఉదయం ఆమె పెసరట్ల పిండి రుబ్బి, చింతపండు ముద్ద ఒకటి పట్టుకుని లోపలికొచ్చింది. నన్ను తీసింది. సిమెంటు మరకలతో, పచ్చగా చిలుము పట్టి, చూడ్డానికి నేనేం బాగాలేను. నేలమీద చిన్న పీట వేసుకుని కూర్చుని తోమడం మొదలుపెట్టింది. తలుపు చేరవేసి ఉంది. బయట చెప్పుల చప్పుడు.

"లైటు వేసి వదిలేశారు. తలుపు చూడు, గొళ్ళెం లేదు. ఎవరికీ శ్రద్ధ లేదు."

లైటు ఆరింది. గొళ్ళెం పడింది.

గంగాధరం గారు లక్ష్మిని ఇంట్లో నిలిపి, భార్యను బాత్రూంలో పెట్టి, వెళ్ళిపోయారు.

వర్ధనమ్మ లేచింది. తలుపు కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. కిటికీలోంచి ఎండ పలకల మీద పడుతోంది. హాల్లోంచి కేక వినపడింది.

"వర్ధనం, పెసరట్లు ఎంతసేపు?"

ఆమె పలకలేదు. చెయ్యి దించింది. వచ్చి పీట మీద కూర్చుంది.

"ఏమే, ఎక్కడున్నావ్? ఒరే శశీ, మీ అమ్మేదిరా?"

"వంటింట్లో లేదా?"

"లేదు. బాత్రూంకి గొళ్ళెం వేసుంది. పెరట్లో చూడు."

అదీ విషయం. గొళ్ళెం బయట పడి ఉంది కాబట్టి లోపల ఎవరూ లేరు. ఇంత చిన్న సంగతి ముప్ఫై ఏళ్ళలో నాకు తట్టలేదు. నేను పడితే లోపల మనిషి ఉన్నట్టు ఇంటికంతటికీ తెలుస్తుంది. తెలిస్తే కొడతారు. ఆ మొరటు గొళ్ళెంగాడు పడితే లోపల మనిషే లేదు. లేని మనిషిని ఎవరు పిలుస్తారు? నేను ప్రాణం పెట్టి ఇన్నేళ్ళు ఇవ్వలేనిది వాడు ఒక్క ఠంగుతో ఇచ్చాడు. నా జీవితంలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

కానీ నన్ను పట్టుకున్న చేతులు నిదానించాయి. చింతపండు పులుపు నా గీతల్లోకి దిగుతోంది. వర్ధనమ్మ సన్నగా కూనిరాగం తీస్తోంది. ఇన్నేళ్ళూ ఏ రాగమైనా సగంలో తెగేది, ఎవరో కొట్టడం వల్ల. ఆ వేళ రాగం చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చింది. భుజాలు దిగాయి.

బయట హడావుడి పెరిగింది. శశిధర్ బండి తీసుకుని గుడికి వెళ్ళాడు. గంగాధరం గారు పక్కింటివాళ్ళను అడిగారు, డాబా ఎక్కి దిగారు. పాలు పొంగి పొయ్యి మీద పడిన వాసన వచ్చింది. "చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళదే" అంటున్నారు. ఆ గొంతులో కోపం కన్నా బెదురు ఎక్కువగా ఉంది. వర్ధనమ్మ ఒక్క క్షణం తోమడం ఆపింది. తర్వాత మళ్ళీ తోమింది.

మెత్తటి అడుగులు తలుపు దగ్గర ఆగాయి. మట్టెల చప్పుడు. మృదుల. తోముతున్న చప్పుడు విన్నట్టుంది.

"అత్తయ్యా?" గుసగుసగా.

తోమడం ఆగింది.

"ఉన్నానమ్మా."

"అయ్యో, మావయ్యగారు గొళ్ళెం వేసేసినట్టున్నారు. తీస్తున్నా ఉండండి."

గొళ్ళెం కదిలింది.

"మృదులా."

"ఆఁ?"

"ఇప్పుడే తియ్యకు."

గొళ్ళెం ఆగిపోయింది. తలుపుకు అటు ఒకరు, ఇటు ఒకరు. పట్టా మూల పట్టుకుని మొహం తిప్పుకున్న రోజులు ఇద్దరికీ గుర్తొచ్చి ఉంటాయి.

"ఎంతసేపు?" అంది మృదుల.

వర్ధనమ్మ నన్ను ఎండకు పట్టి చూసింది. "ఈ గడియ మెరిసేదాకా."

గొళ్ళెం చప్పుడు కాకుండా మళ్ళీ మొదటి చోటికి చేరింది. అడుగులు హాల్లోకి వెళ్ళాయి. మృదుల గొంతు వినపడింది.

"వస్తారులెండి మావయ్యగారూ. ఇక్కడే ఎక్కడో ఉంటారు. పెసరట్లు నేను పోస్తాను, కూర్చోండి."

"నీకొచ్చా?"

"రాదు. తినేవాళ్ళకి ధైర్యం ఉంటే చాలు."

నేను మెరిసేసరికి ఎండ కిటికీ దాటింది. మృదుల గొళ్ళెం తీసిన చప్పుడు కూడా కాలేదు. వర్ధనమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళింది.

"ఎక్కడికెళ్ళావే?" గంగాధరం గారు కుర్చీలోంచి లేచేశారు.

"ఎక్కడికీ లేదండీ. ఇంట్లోనే ఉన్నాను."

"ఇల్లంతా చూశాను."

"సరిగ్గా చూసి ఉండరు."

ఆయన ఆమె మొహం చూసి, మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఏమి కనపడిందో ఆయనకు. మాడిన పెసరట్టు మారు మాట్లాడకుండా తిన్నారు.

ఆ వారమే మృదుల ముత్యాలు మేస్త్రిని పిలిపించింది. గంగాధరం గారు అడ్డొచ్చారు. ఆ పిల్ల తల వంచుకుని, "నాకు భయమండీ మావయ్యగారూ. ఆ బొత్తం మీద నమ్మకం లేదు. లోపల గడియ ఉంటే ధైర్యంగా ఉంటుంది" అంది. కొత్త కోడలు సిగ్గుపడుతూ అడిగితే కాదనే మామగారు గోదావరి జిల్లాల్లో ఉండరు. "ఈ మాత్రం దానికి అడగాలా అమ్మా, పెట్టెయ్ ముత్యాలూ" అన్నారు. తన భార్య ఈ మాటే అడిగితే పదిమంది ముందు నవ్విన మనిషి. ఇది మాత్రం నేను చచ్చినా క్షమించను. నన్ను కరిగించి ఇంకేదైనా చేసినా ఆ కోపం అందులో ఉంటుంది, గంట ముక్క కోపం నాలో ఉన్నట్టు.

ఇప్పుడు నేను మళ్ళీ నా చోట ఉన్నాను, సముద్రం రంగు పలకల ఎదురుగా. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దడం అయ్యాక వర్ధనమ్మ లోపలికి వస్తుంది. నన్ను వేస్తుంది. మరుక్షణం బయట మృదుల గొళ్ళెం వేస్తుంది, లైటు ఆర్పుతుంది. తర్వాత హాల్లో పుస్తకం పట్టుకుని, తలుపు కనపడేలా కూర్చుంటుంది. అత్తయ్యేదీ అని ఎవరైనా అడిగితే, "ఇక్కడే ఎక్కడో ఉన్నారండీ" అంటుంది. అబద్ధం కాదు కదా. బయటినుంచి గొళ్ళెం వేసే హక్కు వర్ధనమ్మ ఈ లోకంలో ఇంకెవరికీ ఇవ్వదు. కోడలు మర్చిపోతే ఆమె లోపలే ఉండిపోవాలి. కోడలు ఇంతవరకూ మర్చిపోలేదు.

లోపల నేను, బయట వాడు. ఒకే తలుపుకు ఇద్దరం. వాడితో కలిసి పనిచేయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. మేమిద్దరం మాట్లాడుకోం.

నిన్న గంగాధరం గారికి మధ్యాహ్నం నిద్ర మధ్యలో మెలకువ వచ్చింది. మృదుల వీధి గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతోంది. ఆయన నేరుగా వచ్చి గొళ్ళెం తీసేశారు. వాడు అంతే, ఎవరు తీస్తే వాళ్ళకు ఊడిపోతాడు. ఆయన పిడి తిప్పి తలుపు తోశారు. లోపల వర్ధనమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. మడిచిన తువ్వాల్లో మృదుల పెట్టిన తాండ్ర ముక్క చేతిలో ఉంది. ఆమె కదల్లేదు. నన్ను చూసింది.

ఆయన భుజం ఆనించి మళ్ళీ తోశారు. పగిలిన గంట, చిల్లు చెంబులు, వంకర గరిటెలు, నాలో ఉన్నవన్నీ బిగుసుకున్నాయి. తలుపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఫైబరు తలుపు ఉబ్బదన్నాడు ముత్యాలు. ఉబ్బి కూర్చుంది" అని గొణుక్కుంటూ ఆయన పెరటివైపు వెళ్ళిపోయారు.

వర్ధనమ్మ తాండ్ర ముక్కను నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మింగలేదు. అది కరిగేదాకా ఉంచుకుంది.

ఇంత కోపం ఎందుకే నీకు అని మీరు అడగవచ్చు. గట్టిగా పట్టుకుని ఉండటానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.